గెడ్డ దగ్గర విప్పిన బూట్లు

ఉద్యోగం చేసి దిగినవాళ్లు రాసే పుస్తకాల్లో మామూలుగా ఒక పులి ఉంటుంది. నా దాంట్లో లేదు. ఇరవై ఆరేళ్లు మన్యం కొండల్లో తుపాకీ మోసినా నేను పులిని చూసింది ఒక్కసారే, అదీ వెనక నుంచి. అది దాని దారిన పోతోంది, నేను నా దారిన పోయాను. ఇద్దరం ఆ సంగతి ఎవరికీ రిపోర్టు చెయ్యలేదు.

పట్టీలు ఎప్పుడొచ్చాయి, ఎవరు పతకం గుచ్చారు అన్నవి కూడా రాయను. వాటికి కాగితాలున్నాయి. దళంలో చేరాలని ఉబలాటపడే కుర్రవాళ్లకు కాగితాల్లో లేనిదొకటి చెప్పాలని ఇది మొదలుపెట్టాను. ఉద్యోగమంటే శత్రువుతో పోరాటమని మీరు అనుకుంటారు. నా సర్వీసులో శత్రువు కనిపించిన రోజులు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజులన్నీ ఆర్డర్లతో గడిచాయి.

మా ఠాణా

మా దళం పేరు రాయను. పితూరీ అణిగిన తరవాత మన్యానికి కాపలా అని పెట్టినవాటిలో అదొకటి. పోలీసులమా అంటే కవాతు పట్టాళంలాగే చేయించేవారు. పట్టాళమా అంటే మర్యాద మాత్రం పోలీసులకిచ్చేదే ఇచ్చేవారు. పాచిపెంట దగ్గర కొండెక్కితే ఒక పూట నడకలో మా ఠాణా వస్తుంది. అక్కణ్ణించి అరకు వైపు పోవాలంటే ఇంకో రెండు రోజులు నడవాలి.

అరవై మంది సిపాయిలం. సగం మంది సాలూరు, బొబ్బిలి వైపు రైతు బిడ్డలు, సగం మంది కొండవాళ్లు. నేను కొండ కింది వాణ్ణి. మిషన్ బడిలో ఇంగ్లీషు చదివి, పరీక్ష తప్పి, దళంలో చేరాను. తప్పినవాడి ఇంగ్లీషైనా ఆ కొండ మీద గొప్పే కాబట్టి నన్ను రైటరు హవల్దారుని చేశారు. అంటే పైనుంచి వచ్చిన ఆర్డరుని తెలుగులో చదివి వినిపించాలి. కింద జరిగినదాన్ని ఇంగ్లీషులో రాసి పైకి పంపాలి. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

నా పైన సుబేదారు ఖాదర్ సాహెబు. పెద్ద యుద్ధంలో బస్రా దాకా పోయి వచ్చిన మనిషి, నెరిసిన గడ్డం, ఎవరి మీదా కేకలు వేసేవాడు కాదు. కొత్త ఆర్డరు వస్తే నా చేత మూడుసార్లు చదివించుకుని ఒకే ఒక ప్రశ్న అడిగేవాడు.

"సరే. ఎక్కడ నిలబడి చూస్తారు?"

ఆ ప్రశ్న నాకు మొదట్లో అర్థం కాలేదు. క్వినైను ఆర్డరు వచ్చినప్పుడు అర్థమయింది. రోజూ సాయంత్రం వరసలో నిలబడి క్వినైను బిళ్ల మింగాలని పైవాళ్లు చెప్పారు. మింగారో లేదో డాక్టరు కాంపౌండరు వరండాలో నిలబడి చూస్తాడు. వరండా నుంచి వంటశాల వెనక గోడ కనపడదు. మావాళ్లు బిళ్ల నాలుక కింద పెట్టుకుని, నోరు తెరిచి చూపించి, ఆ గోడ దగ్గరికి పోయి ఉమ్మేసేవారు. ఏడాది పాటు అక్కడ గడ్డి మొలవలేదు. చలిజ్వరాలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. పై ఆఫీసులో దానికి కారణం కొండగాలి అని రాసుకున్నారు.

జోళ్ల దొర

తరవాత మాకు ఒక కొత్త కెప్టెన్ దొర వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, పెద్దగా నవ్వేవాడు కాదు. ఇంకెక్కడో పనిచేసినప్పుడు కాళ్లు పుళ్లు పడి సిపాయిలు మంచాన పడటం చూశాడట. ఆ బాధ మనసులో పెట్టుకుని వచ్చాడు. వచ్చిన నెలలోనే ఆర్డరు వేశాడు. ఇకనుంచి దళంలో ప్రతి సిపాయీ ఠాణా దాటినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా బూట్లు వేసుకునే ఉండాలి. మొదటిసారి వట్టి కాళ్లతో పట్టుబడితే మూడు రోజులు గార్డు రూములో ఉంచుతారు. రెండోసారి పట్టుబడితే దళం నుంచి పేరు కొట్టేస్తారు.

అంతటితో ఆగలేదు. శనివారం శనివారం కాళ్ల పరేడు పెట్టాడు. అరవై మంది బెంచీల మీద కూర్చోవాలి. దొర స్వయంగా ఒంగి, ఒక్కొక్కడి పాదం చేత్తో పట్టుకుని, వేళ్ల సందులు చూసేవాడు. మావాళ్లకి గుండె ఆగినంత పనయింది. దెబ్బలు తిట్లు అంటే అలవాటే గాని, పెద్దవాడు వచ్చి కాళ్లు పట్టుకుంటే ఆయుష్షు తగ్గదూ? పరేడు అయ్యాక సాలూరు సిపాయిలు వరసగా వెళ్లి దొర కూర్చునే కుర్చీ కోడుని తాకి కళ్లకద్దుకునేవారు. కుర్చీ మీద వాళ్లకి ఇంత గౌరవం ఎందుకో దొర నన్ను అడిగాడు. అది మా దేశాచారమని చెప్పాను.

బూట్లు మూడే సైజుల్లో వచ్చాయి. కింది నుంచి వచ్చిన సిపాయిలకి అవి బంగారమే. తలకింద పెట్టుకుని పడుకున్నారు. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన రామ్మూర్తి అనే సిపాయి సెలవు మీద బూట్లతోనే అత్తారింటికి పోయాడు. గడప దగ్గర విప్పమంటే ఆర్డరు ఉందన్నాడట. మావగారు వాదించకుండా వాకిట్లో మంచం వేయించి, అన్నం కూడా అక్కడికే పంపించారు. నాలుగు రోజుల సెలవులో రెండు రోజులకే తిరిగొచ్చి, అత్తారింటి మర్యాద గురించి ఎవరు అడిగినా మాట మార్చేవాడు.

కొండవాళ్లు మాత్రం ఏమీ అనలేదు. ఆర్డరు చదువుతుంటే నేల చూస్తూ విన్నారు. పుట్టినప్పటి నుంచి రాళ్ల మీద నడిచిన పాదాలు వాళ్లవి, ముందు వెడల్పుగా, వేళ్లు విడివిడిగా ఉంటాయి. ఏ సైజులోనూ పట్టవు. పట్టించినా ఆ కొండదారుల్లో బూటు కింద రాయి ఆగదు. వానాకాలంలో జలగలు లోపలికి దూరి సుఖంగా ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఊళ్ల దగ్గర. ప్రతి ఊరి మొదట్లో అమ్మవారి రాయి ఉంటుంది. తోలు వేసుకుని దాన్ని దాటడం కొండ మీద ఎవరూ చెయ్యని పని.

సుక్రు

కిల్లో సుక్రుకి మొదటి శిక్ష పడింది ఆ రాయి దగ్గరే. అతను రెండు కొండల అవతలి ఊరివాడు, అప్పటికి ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. జాడ తీయడంలో దళంలో అతన్ని మించినవాడు లేడు. ఆకులు, మట్టి కళ్లతో చూసేవాడు గాని, ఎక్కువ పని పాదమే చేసేది. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"నలుగురు నడిసిన దారి కాలికి గట్టిగా తగుల్తాది బాబూ. ఒకడు నడిసింది మెత్తగా ఉంటాది. పరుగెట్టినోడిదయితే ముందర లోతు. జోడు ఏసుకుంటే ఇయ్యేవీ తెలవ్వు" అన్నాడు.

దళంలో ఎందుకు చేరావని కూడా అడిగాను. ఆ రోజుల్లో మన్యంలో వెట్టి ఉండేది. దొరలు, గుమాస్తాలు, మాలాంటివాళ్లు కొండ మీదికి పోతుంటే సామాన్లు కొండవాళ్లు ఇంటికొకరు చొప్పున మోయాలి. ఎవరు మోయాలో ఆ ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారు చెబుతాడు. కూలి అడిగే ఆచారం లేదు, ఇచ్చే ఆచారం అంతకన్నా లేదు. కొడుకు దళంలో ఉన్న ఇంటికి మాత్రం వెట్టి మినహాయింపు. సుక్రు తండ్రికి మూటలు మోసి మోసి కుడి భుజం గూడు దిగిపోయింది. చెయ్యి తలదాకా లేవదు.

"నాను తుపాకీ మోస్తే మా అయ్య మూట మొయ్యక్కర్లేదన్నారండి. తుపాకీ తేలిక" అన్నాడు సుక్రు.

అలాంటివాడు ఒకరోజు అమ్మవారి రాయి ముందు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని దాటుతుంటే, వెనక గుర్రం మీద దొర వచ్చాడు. మూడు రోజులు గార్డు రూములో పెట్టారు. ఇంకొకసారి పట్టుబడితే ఉద్యోగం పోతుందని, తండ్రి మెడ మీదికి మళ్లీ మూట ఎక్కుతుందని నేనే అతనికి తెలుగులో విడమరిచి చెప్పాను. తల ఊపాడు.

పనస చెట్టు వంపు

మర్నాడు తెల్లారి టీ తాగుతూ సుబేదారు సాహెబు తన పాత ప్రశ్న అడిగాడు. ఎక్కడ నిలబడి చూస్తారు? దొర బంగళా వరండా నుంచి కొండదారి పనస చెట్టు దగ్గరి వంపు దాకా కనిపిస్తుంది. అవతల కనిపించదు.

అంతే, ఏర్పాటయిపోయింది. ఠాణా నుంచి వంపు దాకా అందరూ బూట్లు టకటకలాడించుకుంటూ కవాతు. వంపు తిరగ్గానే విప్పి, రెండింటి లేసులూ కలిపి ముడేసి, మెడలో దండలాగా వేసుకుని నడక. తిరిగి వచ్చేటప్పుడు పనస చెట్టు కింద కూర్చుని కాళ్లు తుడుచుకుని మళ్లీ తొడుక్కోవడం. కింది సిపాయిలు కూడా నెల తిరక్కుండా ఇదే పద్ధతికి వచ్చారు, ఒక్క రామ్మూర్తి తప్ప. అతను మెడలో వేసుకుంటే మెరుగు పోతుందని కాళ్లకే ఉంచుకునేవాడు.

శనివారాలు దొర కాళ్లతో పాటు అడుగుతోళ్లు కూడా చూడడం మొదలుపెట్టాడు. అరిగాయా లేదా అని. మెడలో తిరిగే బూటు అరగదు కదా. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం వంటశాలలో చోళ్లు, అంటే రాగులు విసిరే తిరగలి రాయి మీద వరసగా అరగదీసేవారు. చోడిపిండి తోలు కంపు కొడుతోందని వంటవాడు నాకు రెండుసార్లు ఫిర్యాదు చేశాడు. నేను దాన్ని పైకి రాయలేదు.

నెలనెలా నేను రాసే రిపోర్టులో బూట్ల కోసం దొర ఒక ప్రత్యేకమైన గడి గీయించాడు. ఎవరైనా విప్పారా? లేదు. ఎవరైనా ఇబ్బందన్నారా? లేదు. మూడో నెల నాకు ఉత్సాహం వచ్చి ఒక వాక్యం చేర్చాను. సిపాయిలు తమ బూట్లను క్షణం వదలడం లేదని. మెడకు కట్టుకుని తిరుగుతున్నారు గనక అది పూర్తి అబద్ధం కాదని నాలో నేను నవ్వుకున్నాను. నా ఇంగ్లీషుకి నేనే మురిసిపోయిన రోజులవి.

ఆ వాక్యం పై ఆఫీసుకి తెగ నచ్చింది. మిగతా ఠాణాల్లో కూడా ఇదే పద్ధతి పెట్టాలని కాగితం తిరిగింది. దొర నన్ను పిలిచి భుజం తట్టాడు. ఈ వానల్లో గస్తీకి తనూ వస్తానన్నాడు. బూట్లు కొండ మీద ఎలా పనిచేస్తున్నాయో కళ్లారా చూసి, ఇంకా వివరంగా రాస్తాడట.

గెడ్డ

పక్క ఠాణాలో రెండు తుపాకులు మాయమయ్యాయని శ్రావణంలో కబురు వచ్చింది. పన్నెండు మందిమి బయలుదేరాం. ముందు జాడ చూస్తూ సుక్రు, వెనక నేను, తరవాత రామ్మూర్తి, మిగతావాళ్లు, చివర కెప్టెన్ దొర. అప్పటికి మూడు రోజుల నుంచి వాన.

పనస చెట్టు వంపు తిరిగాం. ఎవరి చెయ్యీ లేసుల మీదికి పోలేదు. అందరూ ఒకసారి నా వంక చూసి, ముందుకి చూసుకున్నారు.

రెండు కోసులు పోయాక గెడ్డ వచ్చింది. వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఎండాకాలంలో మడమ తడవదు. ఆ రోజు మోకాలి పైకి ఎర్రనీళ్లు పారుతున్నాయి. కిందికి ఇరవై గజాల్లో మడుగు. దాటే దారి రాళ్ల మీద, రాళ్ల నిండా పాచి. సుక్రు ఆగి నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"బాబూ, జోళ్లతో ఒద్దండి. పాచి పట్టీసింది. ఎవుడో ఒకడు పోతాడు."

నేను వెనక్కి చూశాను. దొర గెడ్డని చూడడం లేదు, మా కాళ్లని చూస్తున్నాడు.

"పద" అన్నాను.

నా సర్వీసులో నేను వేసిన ఆర్డర్లలో ఇంత చిన్నది ఇంకొకటి లేదు. దీనికన్నా తప్పుది కూడా లేదు.

సుక్రు చేతులు కూడా రాళ్ల మీద ఆనించి, నాలుగు కాళ్ల మీద దాటాడు. నేను అతను పట్టిన రాళ్లే పట్టుకుంటూ దాటాను. రామ్మూర్తి నిలబడి దాటబోయాడు. మధ్య రాయి మీద బూటు జారింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. తుపాకీ వారు మెడకి చుట్టుకుంది. నీళ్లు అతన్ని మడుగులోకి తీసుకుపోయాయి. ఒక్కసారి చెయ్యి కనిపించింది. తరవాత ఏమీ కనిపించలేదు.

రెండు గట్ల మీదా కలిపి పదకొండు మందిమి ఉన్నామా, కదిలింది ఒక్కడే. సుక్రు చతికిలబడి లేసులు లాగాడు. ముడి బిగుసుకుపోయి ఊడలేదు. పళ్లతో కొరికాడు. ఆ ముడి వేయించిన ఆర్డరు చదివింది నేనే కాబట్టి ఆ కాసేపు నాకు ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను. రెండు బూట్లూ విసిరేసి మడుగులో దూకాడు. రామ్మూర్తిని జుట్టు పట్టుకుని లాక్కొచ్చి రాళ్ల మీద పడేశాడు. పొట్టలో నీళ్లు కక్కించాం. ఊపిరి తీశాడు. ఈలోగా సుక్రు మళ్లీ మునిగి తుపాకీ కూడా తెచ్చాడు. తుపాకీ పోతే రామ్మూర్తి బతికీ లాభం లేదని అతనికి తెలుసు.

దొర తన దగ్గరున్న బ్రాందీ రామ్మూర్తి నోట్లో పోశాడు. సుక్రు చెయ్యి పట్టుకుని ఊపాడు. తరవాత అతని పాదాలు చూశాడు. ముఖం మారిపోయింది.

మిగతా దారంతా సుక్రు వట్టి కాళ్లతోనే నడిచాడు. అందుకే జాడ దొరికింది. సాయంత్రానికి ఒక పోడు పాకలో గడ్డి కింద రెండు తుపాకులూ దొరికాయి. దాచినవాళ్లు దొరకలేదు.

వరండాలో

రెండు రోజుల తరవాత వరండాలో బల్ల వేసి విచారణ పెట్టారు. సుక్రు బల్ల ముందు, నేను దుబాసీగా పక్కన, సుబేదారు సాహెబు నా వెనక.

దొరని చెడ్డవాడిగా రాస్తే నాకు సులువు. కాని ఆ మనిషి ఆ రోజు చాలా బాధపడ్డాడు. బల్ల మీద సుక్రు పేరుతో రెండు కాగితాలు పెట్టుకున్నాడు. ఒకటి ప్రాణం కాపాడినందుకు మెచ్చుకోలు, రెండోది వట్టి కాళ్లతో రెండోసారి దొరికినందుకు పేరు కొట్టివేత. మెచ్చుకోలు మీద అప్పటికే సంతకం పెట్టేశాడు.

"ఇతన్ని పంపడం నాకు ఇష్టం లేదు. నాకొక కారణం చూపించండి" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

"గెడ్డలో జోడు నిలవదండి. పాదం నిలుస్తాది. మనిసి పోతన్నాడు, ఇప్పీసినాను. అంతేనండి" అన్నాడు సుక్రు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేశాను.

"అయితే మిగతావాళ్లు ఎలా దాటుతున్నారు? వాళ్లు కూడా విప్పుతారా?"

సుక్రు ఒక క్షణం ఆలోచించాడు. అవునంటే అరవై మందీ దొరికిపోతారు. "నా సంగతి అడగండి దొరగారూ. ఇంకొకల సంగతి నానెలా సెప్తాను" అన్నాడు.

దొర సొరుగు లాగి నా రిపోర్టులు తీశాడు. ఏడు నెలలవి. వరసగా పరిచి, నా వైపు తిరిగాడు. ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తున్నాయి.

"ఇవి నువ్వు రాసినవే. ఏడు నెలల్లో ఎవరూ విప్పలేదని, ఎవరికీ ఇబ్బంది లేదని ఉంది. ఇదే నిజమైతే తప్పు ఇతనిది. ఇది నిజం కాకపోతే తప్పు నా ఆర్డరుది. అప్పుడు నేనే పైకి రాసి ఆర్డరు ఆపిస్తాను, ఇతను ఇక్కడే ఉంటాడు. చెప్పు హవల్దార్, ఇవి నిజమేనా?"

అంత తిన్నని ప్రశ్న నన్ను నా సర్వీసులో ఎవరూ అడగలేదు. కాదు అంటే చాలు. కాదు అంటే ఏడు దొంగ రిపోర్టులు రాసినవాణ్ణి నేను. పట్టీలు ఊడతాయి, ఉద్యోగం పోతుంది, జైలు కూడా ఉండొచ్చు. ఇంటి దగ్గర నలుగురు పిల్లలు. వెనక సుబేదారు సాహెబు చిన్నగా దగ్గాడు. సుక్రు నా వంక చూడలేదు, బల్ల వంకే చూస్తున్నాడు.

"నిజమే సార్" అన్నాను.

దొర రెండో కాగితం మీద కూడా సంతకం పెట్టాడు. దాన్ని సుక్రుకి తెలుగులో చదివి వినిపించింది కూడా నేనే. అది నా డ్యూటీ.

సుక్రు యూనిఫారం మడతపెట్టి స్టోరులో ఇచ్చి వెళుతూ నా గది ముందు ఆగాడు. "మా అయ్యకి మళ్లీ మూటేస్తారా బాబూ?" అని అడిగాడు. ముఠాదారుతో మాట్లాడతానన్నాను. మాట్లాడాను కూడా. ఆయన విన్నాడు, తమలపాకులు పెట్టాడు, పంపించేశాడు.

రామ్మూర్తి ఆ సాయంత్రం ఏడుస్తూ వచ్చి తన బూట్లు నా గుమ్మంలో పెట్టి, "ఆడు లేని కాడ నానుండను హవల్దారు గారూ" అన్నాడు. పొద్దున్నే వచ్చి తీసుకుపోయాడు. అతన్ని అనడానికి నేనెవర్ని?

చేరబోయేవాళ్లకి

ఇక్కడ నా అభిప్రాయం చెప్పి తీరాలి. నచ్చకపోతే ఈ పేజీ వదిలెయ్యండి.

సుబేదారు సాహెబు ప్రశ్న మంచిదని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఎక్కడ నిలబడి చూస్తారో తెలుసుకుంటే ఏ ఆర్డరు కిందైనా బతికెయ్యొచ్చు. నిజంగానే బతికెయ్యొచ్చు. మేము బతికాం. కాని పిచ్చి ఆర్డరుని తెలివిగా తప్పించుకుంటే అది పోదు. బ్రహ్మాండంగా నడుస్తోందని పైవాడు నమ్ముతాడు, పది ఠాణాలకి పంపిస్తాడు. దానికి కావలసిన సాక్ష్యమంతా మనమే రాసిస్తాం. తరవాత ఎప్పుడో ఒక గెడ్డ దగ్గర, తప్పించుకోవడానికి టైము లేని మనిషి ఒకడు దొరుకుతాడు.

మొదటి నెలలోనే నేను ఆ గడిలో, కొండ మీద ఇవి పనికిరావు, విప్పుతున్నారు అని రాసి ఉంటే, దొర నన్ను తిట్టేవాడేమో. పనస చెట్టు దాకా వచ్చి చూసేవాడు కూడా. కాళ్లు చేత్తో పట్టుకుని చూసిన మనిషికి ఒక మాట చెప్పి చూడాలని మాలో ఒక్కడికీ తోచలేదు. దొరంటే చూసేవాడు, మేమంటే కనపడకుండా ఉండాల్సినవాళ్లం అని మా బుర్రల్లో పడిపోయింది. ఇది మా తప్పు. ఇందులో నా వాటా అందరికన్నా పెద్దది.

రెండేళ్లకి ఆ దొర బదిలీ అయ్యాడు. వచ్చినాయన బూట్ల సంగతే ఎత్తలేదు. ఆయనకి పిచ్చి మీసాల మీద ఉండేది.

మూటలు

విచారణ అయిన మరుసటి ఏడు వానల్లో కొత్త బూట్ల సరుకు పాచిపెంటకి బండి మీద వచ్చింది. ఠాణాకి చేర్చడానికి నలుగురు సిపాయిలతో నన్ను పంపారు. ముఠాదారు ఆరుగురు వెట్టివాళ్లని ఇచ్చాడు. తలల మీద గోనె మూటలు, వాటి మీద తాటాకు గొడుగులు. ముఖాలు కనపడవు. నేను చూడలేదు కూడా. వెట్టివాళ్లని లెక్కపెట్టడమే గాని ముఖాలు చూసే అలవాటు మాకు లేదు.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నా సిపాయిలు మామూలుగా కూర్చుని బూట్లు విప్పి మెడలో వేసుకున్నారు. ముందున్న వెట్టివాడు మూట దింపకుండానే నీళ్లలోకి ఒక కాలు పెట్టి, తీసి, ఇంకో రాయి మీద పెట్టి చూశాడు. అప్పుడు గుర్తుపట్టాను.

"సుక్రూ" అన్నాను.

మూట దింపి దండం పెట్టాడు. సెల్యూట్ కాదు, దండం. కాస్త చిక్కాడు. వాళ్లయ్య ఎలా ఉన్నాడని అడిగాను.

"సెయ్యి లెగడం లేదని సెప్పినా ముఠాదారు ఇనలేదండి. అందుకని ఆడి బదులు నాను వచ్చేస్తన్నాను."

మిగతావాళ్లు దాటడం మొదలుపెట్టారు. ఆ గట్టు మీద మా ఇద్దరమే మిగిలాం. ఏడాది నుంచి దాచుకున్నది ఇప్పుడు కూడా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"ఆవేళ వరండాలో నేను అబద్ధం చెప్పాను సుక్రూ."

"తెలుసు బాబూ" అన్నాడు. "నాను పక్కనే నిల్సున్నాను గదా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. ఒక రాయి మీద కూర్చుని నా బూట్లు విప్పుకున్నాను. లేసులు ముడి వేయబోతుంటే సుక్రు చెయ్యి చాపాడు.

"ఇలగియ్యండి. మూటలో ఏసేస్తాను. మెడలో ఊగుతా ఉంటే తమరు పడిపోతారు. నీళ్లు బేగి పెరుగుతన్నాయి."

వద్దన్నాను. "ఇయ్యండి బాబూ" అన్నాడు మళ్లీ, పిల్లాడికి చెప్పినట్టు.

ఇచ్చాను. గోనె మూతి విప్పి, కొత్త బూట్ల మీద వాటిని పెట్టి, తాడు బిగించి, తలకెత్తుకున్నాడు. ఏ రాయి మీద కాలెయ్యాలో చూపిస్తూ ముందు నడిచాడు. నేను వట్టి చేతులతో అతని వెనకే దాటాను.